ఆ గాజు పూస తెంచింది నేనే

వాచీలు బాగుచేసేవాళ్లలో ఒక అలవాటు ఉంది. ఎవరి వాచీ వెనక మూత తీసినా, లోపల ఏముందో సరిగా చూడకముందే "ఇది ఇంతకుముందు ఎవలు తెరిచిండ్రు?" అని అడుగుతాం. గిరాకీ ఏ ఊరి పేరు చెప్పినా సరే, పెదవి విరుస్తాం. "అందుకే గిట్లయింది" అంటాం. నాకు పని నేర్పినాయన అలాగే అనేవాడు. ఆయనకు నేర్పినాయన కూడా అనే ఉంటాడు. వాచీ నడిస్తే గొప్ప మాది, నడవకపోతే తప్పు ముందువాడిది. ఇన్నేళ్లూ నేను ఆ మాటను పనిలో భాగమే అనుకున్నాను, స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోవడంలాగా.

శంషాబాద్ బజారులో ఒక మాట ఇప్పటికీ నడుస్తోంది. షాద్‌నగర్‌లోని వాచీల ఆయన ఒక ముసలాయన వాచీని ఖరాబు చేశాడని, దాన్ని దారికి తేవడానికి నేను నెలల తరబడి తిప్పలు పడ్డానని. ఆ మాట పుట్టించింది నేను. అది అబద్ధం. అబద్ధమని ఈ మధ్య చాయ్ హోటల్ ముందు నిలబడి నా నోటితో నేనే చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "నీది పెద్ద మనసన్నా, ఆయన తప్పు నువ్వు మీదేసుకుంటున్నవ్" అన్నాడు పక్క దుకాణంలో చెప్పులమ్మేవాడు. మిగిలినవాళ్లు తలలూపారు. షాద్‌నగర్ ఆయన నోరు మంచిది కాదు. గిరాకీని కసురుతాడు, బేరం ఆడితే వాచీ విసిరినట్టు వాపసిస్తాడు, తనంత పనివాడు ఈ రోడ్డు పొడుగునా లేడని తనే చెప్పుకుంటాడు. అలాంటి మనిషి మీద ఒక చెడ్డమాట వేస్తే ఇట్టే అంటుకుంటుంది. గీకినా పోదు. నోటిమాటతో పని జరగలేదు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా దుకాణం పాత బస్టాండు దగ్గర. ఇద్దరు గిరాకీలు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాల్సిందే. వచ్చేవాళ్లు ఎక్కువగా ఎయిర్‌పోర్టులో పనిచేసే పిల్లలు, టాక్సీలు నడిపేవాళ్లు. వాళ్లకు కావలసింది బెల్టో, సెల్లో, గీతలు పడిన అద్దం మార్చడమో. వాచీ విప్పి బాగుచేయమని అడిగేవాడు నెలకొకడు వస్తే గొప్ప. ఆ లోటు తీర్చుకోవడానికి నేను ఒక పిచ్చి పెంచుకున్నాను. పాత కరెంటు వాచీలు. చావీ తిప్పే వాచీలు పోయి ఇప్పటి క్వార్ట్జ్ వాచీలు రావడానికి మధ్య కొన్నాళ్లు మాత్రమే తయారైన రకం అది. లోపల చిన్న సెల్లు, వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. ఆ చుట్ట తెగితే వాచీ చచ్చినట్టే. చేసిన కంపెనీలే వాటిని వదిలేశాయి. విడిభాగాలు కావాలంటే చచ్చిన ఇంకో వాచీని వెతికి పట్టుకుని దాని కడుపు కోయాలి. అదీ దొరకదు. దొరికినా మనకు కావలసిన ముక్కే అందులో కూడా పోయి ఉంటుంది. పాత బస్తీలో తుక్కు వాచీలు కిలోల లెక్కన అమ్మేచోట ఎన్ని ఆదివారాలు కూర్చుని వేళ్లు నల్లగా చేసుకున్నానో నా భార్యను అడిగితే చెబుతుంది, నాకు వినపడే భాషలోనే చెబుతుంది.

ఈ కరెంటు వాచీల్లో ఒక రకం ఇంకా అరుదు. అందులో టిక్ టిక్ అనే చక్రం ఉండదు. బడిలో సైన్సు మాస్టారు బల్లకు కొట్టి మోగించే శ్రుతిదండం లాంటిదే, గోరంత చిన్నది, లోపల ఉంటుంది. సెల్లు వేస్తే అది కంపిస్తూ తేనెటీగలా సన్నగా గుయ్యిమంటుంది. దాని ఒక కొమ్మకు సన్నని తీగ, ఆ తీగ కొసకు కంటికి ఆనని కెంపు రాయి. కొమ్మ కంపించినప్పుడల్లా ఆ రాయి ఒక చక్రాన్ని పన్ను తరువాత పన్నుగా నెడుతుంది. ఆ పళ్లు వందల్లో ఉంటాయి, భూతద్దంలో కూడా ఒక పొగలా కనిపిస్తాయి. అలాంటి వాచీలు అంతకుముందు ఒకటి రెండు చూశాను, చచ్చినవి. బతికి ఉన్నది నా దుకాణానికి రావడం అదే మొదటిసారి.

దాన్ని తెచ్చింది ఎయిర్‌పోర్టు గోడ పక్క ఊరి నుంచి వచ్చిన ముసలి దంపతులు. వ్యవసాయం చేసినవాళ్లు. ఆమె ముందు, ఆయన వెనక. ఆయన వాచీని చేతికి పెట్టుకోలేదు, గుప్పిట్లో పట్టుకున్నాడు.

"సెల్లు ఒక్కటి మార్చియ్యి బిడ్డా," అంది ఆమె. "షాద్‌నగర్‌ల మార్పిస్తుంటిమి. ఆయన దుకాణం బంద్ పెట్టిండు, బిడ్డ పెండ్లంట. జర జల్ది చెయ్యి, గీడనే నిలబడతం."

"షాద్‌నగర్ దాక ఎందుకు పెద్దమ్మా, నేను లేనా గీడ?"

"ఆయననే మాకీ వాచీ సంగతి చెప్పింది. మా మరిది కువైట్ నుంచి తెచ్చి పెట్టెల పడేసిండు, ఆయన కాలం చేసినంక అమ్ముదామని తీస్కపోయినం. మా ఆయనకు చెవులు ఇనబడవు బిడ్డా. చిన్నప్పటి సంది కారి కారి పరదాలు పోయినయి. షాద్‌నగర్ ఆయన సెల్లేసి, ఇటు రమ్మని పిలిచి, చెవెన్క బొక్కకు ఆనిచ్చిండు. మా ఆయన నోరు తెరిసి అట్లనే నిలబడ్డడు. గంతే, ఇగ అమ్ముడు లేదు ఏం లేదు. పండుకున్నా గదే, కూసున్నా గదే. ఇంకో చప్పుడు లేదాయనకు లోకంల."

"చెవి మిషన్ పెట్టుకోవచ్చు గద?"

"తెచ్చినం. దాంట్ల ఇమానాలు తప్ప ఇంకేం ఇనబడవని గూట్ల పెట్టిండు."

ఆమె చెవి వెనక ఎముక తట్టి చూపిస్తూ చెప్పిందంతా నేను విన్నాను. కానీ నా కళ్లు వాచీ మీదే ఉన్నాయి. మూత తీశాను. సెల్లుకీ, అది తగిలే రేకుకీ మధ్య ఒక చిన్న గాజు పూస టంకం పెట్టి ఉంది. రేడియోల్లో వాడే డయోడ్. పని నీటుగానే ఉంది, కానీ ఆ వాచీతో పాటు పుట్టింది కాదు. ఇంత అపురూపమైన యంత్రంలో ఎవరో వేలు పెట్టారని నాకు ఒళ్లు మండింది.

"గిదేంది? ఇది ఎవలు పెట్టిండ్రు?"

బెల్టు కోసం నిలబడ్డ టాక్సీ డ్రైవరు మెడ చాచి చూశాడు. "దిష్టిపూస కట్టిండా ఏందన్నా వాచీకి?"

నవ్వాను. గిరాకీ ముందు ఆ నవ్వు తియ్యగా ఉంటుంది. "షాద్‌నగర్‌ల గింతే పెద్దమ్మా. టేపురికార్డర్లు చేసేటోళ్లు వాచీలు ముడుతరు," అంటూ కట్టర్ తీసుకుని ఆ పూసను రెండు వైపులా తెంచేశాను. రేకును శుభ్రం చేసి కొత్త సెల్లు వేశాను. వాచీ గుయ్యిమంది. నా చేతిలో ప్రాణమున్న పురుగులా కంపించింది. చాలా సంతోషం వేసింది, అది కూడా నిజమే.

ముసలాయన చెయ్యి చాచాడు. చెవి వెనక ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి మొహం చిట్లించి, చెవుడున్నవాళ్లు మాట్లాడేంత గట్టిగా అన్నాడు: "అరుస్తున్నది."

"కొత్త సెల్లు పెద్దబాపూ, దమ్మున్నది," అన్నాను, ఆయనకు వినపడదని తెలిసి కూడా. మెచ్చుకున్నాడనే అనుకున్నాను.

అక్కడితో వాళ్లను పంపించి ఉంటే ఈ కథ లేదు. కానీ నాకు ఇంకో నియమం ఉంది. వాచీ నడక ఒకరోజు చూడకుండా నా బల్ల దాటి పోనివ్వను. నా పని మీద నాకున్న గౌరవం అదే.

"రేపు రాండ్రి పెద్దమ్మా. నడక చూసి ఇస్త."

"నడక ఏంది బిడ్డా? చప్పుడైతున్నది గద. టైముతోని మాకేం పని?"

"వాచీ అన్నంక టైము చూపియ్యాలె. నా దుకాణంల చేసింది ఎన్క ముంగట నడిస్తె నా ఇజ్జత్ ఏం గావాలె?"

ముసలాయనకు సంగతి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక గుప్పిట విప్పలేదు. ఆమె వేలు తరువాత వేలు విప్పి, వాచీ తీసి నా బల్ల మీద పెట్టింది.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచేసరికి ఆ వాచీ నాకన్నా ముందు గంటల కొద్దీ బతికేసింది. ముళ్లు రెట్టింపు వేగంతో పరుగెడుతున్నాయి. సరిచేసి పెట్టాను, మళ్లీ పరుగే. నాకు తట్టిన కారణం ఒక్కటే. కెంపు రాయి ఉన్న తీగ వంగి ఉంటుంది, ఆ షాద్‌నగర్ మనిషే వంచి ఉంటాడు. భూతద్దం కంటికి తగిలించుకుని, ఆ తీగను జరపడం మొదలుపెట్టాను. వెంట్రుక వాసి జరిపితే ఆగిపోతుంది, వెనక్కి జరిపితే పరుగెడుతుంది. సరిగ్గా ఉన్నదో లేదో గుయ్యిమనే చప్పుడును బట్టి కొంత తెలుస్తుంది, కానీ వినడానికి నెత్తి మీద విమానాలు వదలాలి కదా. ఒకటి దిగుతుంది, ఊపిరి బిగబట్టి కూర్చుంటాను, అది పోయిందనుకుంటే ఇంకోటి లేస్తుంది. ఈలోపు బెల్టు అంటూ ఒకడు, బ్యాగు జిప్పు వేస్తావా అంటూ ఇంకొకడు. నాకు చెమటలు, విసుగు, పంతం. మధ్యాహ్నం కల్లా చెయ్యి నా మాట వినడం మానేసింది. అప్పుడైనా లేచి చాయ్ తాగి రావలసింది. పట్టకారు కొస ఎక్కడో తగిలింది. తీగ టప్పున వెనక్కి కొట్టింది. కొసన రాయి లేదు.

నేల మీద తెల్ల గుడ్డ పరిచి వెతికాను. చీపురుతో ఊడ్చి ఆ దుమ్మంతా కాగితంలో పోసి భూతద్దం కింద చూశాను. ఇసుక రేణువులు అన్నీ కెంపుల్లాగే కనిపించాయి. ఒక్కటీ కెంపు కాదు. చక్రాన్ని చూస్తే నేను తీగ జరిపిన చోటల్లా ఆ పొగలాంటి పళ్ల మీద గీతలు.

ఆమె వచ్చేసరికి నా దగ్గర జవాబు తయారుగా ఉంది. తయారు చేసుకోవలసిన అవసరం కూడా రాలేదు, నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"లోపల రాయి ముందే వదులు చేసిండు పెద్దమ్మా ఆయన. నేను తెరవంగనే ఊడింది. చక్రం గూడ గీకిండు. నువ్వు నా దగ్గరికి ముందే రావాల్సుండె."

"గంత మంచిగ జేసినోడు గిట్లెందుకు జేసిండు బిడ్డా?"

"చేతకాక."

సామాను తెప్పించి బాగుచేస్తానని చెప్పి వాచీ నా దగ్గరే ఉంచుకున్నాను. ఆమె ఇంటికి పోలేదు. అటు నుంచి అటే బస్సెక్కి షాద్‌నగర్ పోయింది. పెళ్లి చేసి ఆరోజే దుకాణం తెరిచిన మనిషిని, ఆయన బజారులో, ఆయన గిరాకీల ముందు, నోటికొచ్చినట్టు తిట్టి వచ్చింది. ఈ సంగతి నాకు ఆయన చెబితేనే తెలిసింది.

మరునాడే ఆయన నా దుకాణం ముందు నిలబడ్డాడు. తెల్ల చొక్కా, చెవి మీద పెన్సిలు, మొహం కందగడ్డ. అంతకుముందు ఆయన్ని రెండు మూడుసార్లు తుక్కు వాచీల దగ్గర చూశాను, పలకరింపుల వరకే పరిచయం. ముసలామె వచ్చి తిట్టిపోయిన సంగతి రెండు ముక్కల్లో చెప్పి చెయ్యి చాచాడు.

"వాచీ చూపెట్టు."

చూపించాను. ఆయన మూత తీసి చూశాడు. తల ఎత్తి నన్ను చూశాడు.

"నా పూస ఏది?"

చెప్పుల దుకాణం ఆయన, చాయ్ హోటల్ ఆయన, రోడ్డు మీద పోయేవాళ్లు, అందరూ ఆగి చూస్తున్నారు. "ఏం పూస?" అన్నాను.

"గాజు పూస. సెల్లు కాడ పెట్టిన."

"నేను తెరిచినప్పుడు ఏ పూసా లేదన్నా."

తెంచిన పూస నా సొరుగులో, స్క్రూల డబ్బాలోనే ఉంది. ఆయన వాచీని బల్ల మీద పెట్టేశాడు. తరువాత గొంతు పెంచకుండానే అడిగాడు: "సెల్లు కొలిచినవా?"

"నువ్వు నాకు నేర్పుతవా?"

"కొలువు," అని చెప్పి బస్టాండు వైపు నడిచాడు. వెనక నుంచి చెప్పుల దుకాణం ఆయన "చేసిందంత చేసి మళ్ల పూసంట, ముత్యమంట" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన పోయాక మీటరు తీశాను. స్క్రూల డబ్బాలోంచి పూస తీసి, దాని గుండా కొత్త సెల్లును కొలిచాను. పూస లేకుండా కొలిచాను. నాకు ముందే తెలిసి ఉండవలసిన సంగతి అప్పుడు నా మొహం మీద కొట్టినట్టు తెలిసింది. ఆ వాచీలను పాదరసపు సెల్లుల కోసం చేశారు. అవి ఇప్పుడు రావు. ఇప్పటి సెల్లు కాస్త ఎక్కువ వోల్టేజి ఇస్తుంది. ఆ కాస్తకే శ్రుతిదండం ఎక్కువ ఊగి, ఒక్కో పన్ను నెట్టవలసిన రాయి రెండేసి పళ్లు దాటిపోతుంది. వాచీ రెట్టింపు పరుగెడుతుంది. పూస ఆ ఎక్కువను మింగేసి, పాత సెల్లు ఇచ్చినంతే ఇస్తుంది. నేను అంతవరకూ బాగుచేసిన వేరే రకం కరెంటు వాచీలకు ఈ తేడా పట్టింపు లేదు, కాబట్టి నాకూ పట్టలేదు. తీగ వంగలేదు. రాయి వదులు కాలేదు. "అరుస్తున్నది" అని ముసలాయన చెప్పింది ఇదే. చెవిటి మనిషికి వినపడింది నాకు వినపడలేదు.

అప్పుడు షాద్‌నగర్ బస్సెక్కి ఉంటే? ఎక్కలేదు. రాయి దొరికితే, వాచీ నడిస్తే, అప్పుడు ఎవరికీ ఏమీ చెప్పనక్కరలేదని అనుకున్నాను. తప్పు ఒప్పుకోవడం కన్నా విడిభాగం వెతకడం సులువనిపించింది. రెంటిలో ఏది కష్టమో తరువాతి నెలలు చూపించాయి.

ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడి మనుషులకో మెసేజులు పెట్టాను. ఒకాయన నడుస్తుందని చెప్పి పంపిన యంత్రంలో తీగే లేదు. ఇంకొకాయన పంపిన పొట్లంలో ఆడవాళ్ల వాచీలోని ముక్క వచ్చింది, చూడముచ్చటగా ఉంది, మన వాచీలో పట్టదు. వాపసు పంపుతానంటే జవాబు లేదు. ఒక పార్సిలు ఎక్కడో ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో కనుక్కోవడానికి ఫోను చేస్తే పాట వినిపిస్తారు. పాత బస్తీలో తుక్కు అమ్మే ముసలాయన "వో గానేవాలీ ఘడీ? భూల్ జావ్ భాయ్" అని, ఆ పాడే వాచీని మరిచిపొమ్మని చేతులు దులిపాడు. బుద్వేల్‌లో ఒక ఇంట్లో అలాంటిది ఉందంటే సెలవు రోజున వెతుక్కుంటూ పోయాను. అది గోడ గడియారం. ఆ ఇంటివాళ్లు చాయ్ ఇచ్చారు, నేను ఆ చాయ్ కూడా కోపంగానే తాగాను. రాయి ఒక్కటి దొరికితే చాలు. ఆవగింజలో పదో వంతు కూడా లేని రాయి. దాని మీద కోపం, విమానాల మీద కోపం, పోస్టు మీద కోపం. ఎవరి మీద ఉండాలో వాడి మీద తప్ప అందరి మీదా కోపం.

ఆమె వస్తూనే ఉంది. కూరగాయలు అమ్ముకోవడానికి వచ్చినప్పుడల్లా బల్ల ముందు ఆగేది.

"ఇయ్యాలన్న అయితదా బిడ్డా?"

"సామాను వస్తలేదు పెద్దమ్మా. పరేషాన్ అయితున్న నేను గూడ."

"నీకేం పాపం, నువ్వేం జేస్తవ్. ఆ పాపపోడు చేసిండు."

మొదట్లో ముసలాయన కూడా వెంట వచ్చేవాడు. చెవి వెనక వేలుతో తట్టి చూపించి, నా సొరుగు వైపు చూసేవాడు. తరువాత రావడం మానేశాడు. ఎట్లున్నడని అడిగితే ఒకసారి ఆమె చెప్పింది: "ఊకే గోడకు తలకాయ ఆనిచ్చి కూసుంటడు. ఇమానం లేసినప్పుడు గోడ అదురుతది గద, అది తెలుస్తదంట. ఒకటి పోంగనే ఇంకోదాని కోసం చూస్తడు."

ఆ మాట విన్న తరువాత కూడా నేను వెతికింది రాయినే.

చివరికి పాత బస్తీ నుంచే ఒక యంత్రం దొరికింది. సరైన రకం, తీగ ఉంది, రాయి ఉంది. వారం రోజులు దాన్ని ముట్టుకోలేదు, భయం. ముట్టుకున్న రోజు తీగ విప్పగలిగాను కానీ బిగించలేకపోయాను. బిగించినా గీతలు పడిన చక్రం మీద అది నిలబడలేదు. అప్పుడు ఇక ఏ దారీ లేక, వాచీనీ, ఆ యంత్రాన్నీ, స్క్రూల డబ్బాలోని పూసనూ జేబులో వేసుకుని షాద్‌నగర్ బస్సెక్కాను.

ఆయన నన్ను కూర్చోమనలేదు. "ఏంది, దొరవారు బస్సెక్కి వచ్చిండ్రు," అన్నాడు.

"అన్నా, పూస నేనే తెంపిన." పూస తీసి బల్ల మీద పెట్టాను.

"తెలుసు."

"రాయి గూడ నా చేతుల్నే పోయింది."

"అదీ తెలుసు. నాకు చెప్పుడెందుకు? నాకు తెల్వనిది చెప్పు."

వాచీ అందుకుని మూత తీశాడు. చక్రం చూసి నాలుకతో చప్పుడు చేశాడు. నేను తెచ్చిన యంత్రం వైపు చూడను కూడా చూడలేదు. టంకం వేడి చేసి, అదే పూసను అదే చోట పెట్టాడు. సెల్లు వేశాడు. గుయ్యిమంది, మెత్తగా. మూత బిగించి నా వైపు నెట్టాడు.

"తీస్కపో."

"ముళ్లు నడుస్తలేవు గదన్నా."

"వాళ్లు నిన్ను టైము అడిగిండ్రా?"

నేను ఆగిపోయిన ముళ్లనే చూస్తున్నాను.

"అడుగుతున్న. అడిగిండ్రా?"

"లేదు."

"మరి సెల్లేసి ఆ దినమే ఇయ్యనీకి నీకేమొచ్చింది రోగం?"

ఆ వాచీ మోగడానికి కెంపు రాయి అక్కరలేదు. రాయి ముళ్లు తిప్పడానికే. శ్రుతిదండం, తీగ చుట్ట, సెల్లు ఉంటే చాలు, ముళ్లు తిరిగినా తిరగకపోయినా అది పాడుతూనే ఉంటుంది. ఇది నాకు తెలియని విషయం కాదు. రాయి పోయిన రోజున కూడా అది నా బల్ల మీద మోగుతూనే ఉంది, చికాకేసి సెల్లు ఊడదీసింది నేనే. కానీ ముళ్లు కదలని వాచీని గిరాకీ చేతిలో పెట్టవచ్చనే ఆలోచన ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా నాకు రాలేదు. ఆమె మొదటి రోజే నాకు చెప్పింది, టైముతో పని లేదని.

లేచి వస్తుంటే ఆయన వెనక నుంచి అన్నాడు: "మీ బజార్ల చెప్పు. గీడ చెప్పి పోతె నాకేం లాభం? గాడ నవ్వినోళ్లకు చెప్పు."

దారిలో ఎక్కడా దిగకుండా నేరుగా వాళ్ల ఊరికే పోయాను. ముసలాయన వసారాలో గోడకు తల ఆనించి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు. నా చేతిలో వాచీ చూసి లేచాడు. లాక్కున్నట్టే తీసుకుని చెవి వెనక పెట్టుకున్నాడు. ఆగాడు. కొంచెం కిందికి జరిపాడు. రెండో చెవి వెనక పెట్టాడు. కణత మీద, నుదుటి మీద, గడ్డం ఎముక మీద. నాకు వినిపిస్తోంది, అంత దూరం నుంచి నాకు స్పష్టంగా వినిపిస్తోంది. ఆయన మొహంలో ఏమీ లేదు. చివరికి వాచీ అంచును ముందు పళ్ల మధ్య పెట్టుకుని కరిచాడు. అప్పుడు కదలడం ఆపేశాడు.

"ముందుగాల చెవెన్క పెడితేనే ఇనబడుతుండె," అంది ఆమె. "అంత దిగిందా చెవి?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. పూస, సెల్లు, రాయి, అబద్ధం, అన్నీ. ఆమె మధ్యలో ఏమీ అడగలేదు. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న అడిగింది.

"అంటే నీ సొరుగుల ఉన్నన్ని దినాలు ఇది మోగేదేనా?"

"మోగేదే పెద్దమ్మా."

ఆమె తిడుతుందని చూశాను. తిట్టలేదు. "నేను ఆయన్ని తల్లి పేరు పెట్టి తిట్టిన," అంది. "బిడ్డ పెండ్లి చేసి పచ్చతోరణం గూడ తియ్యలే దుకాణానికి. నా నోటికొచ్చింది నేను తిట్టిన. ఆ మాటలు ఎట్ల వాపస్ తీస్కోవాలె నేను?"

ఇలాంటప్పుడు నాకు చేతనైంది ఒక్కటే, పని. గంటల ముల్లూ నిమిషాల ముల్లూ ఒకదాని మీద ఒకటి ఆగిపోయి ఉన్న ఆ వాచీని చూస్తుంటే నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. "ముళ్లు గూడ నడిచేటట్టు చేస్త పెద్దమ్మా. సామాను దొరికింది. ఒక్క పది దినాలు ఇయ్యుండ్రి," అన్నాను.

ఆయనకు ఏ మాటా వినపడలేదు. నా చెయ్యి మాత్రం కనిపించింది. వాచీ పళ్ల మధ్య నుంచి తియ్యకుండానే రెండు అరచేతులూ దాని మీద కప్పి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"నువ్వు ఇగ పో బిడ్డా," అంది ఆమె.